అమ్మ కొలిచిన దూరం

ఆ రోజుల్లో, నాన్న కార్ఖానా పనికొచ్చి స్థిరపడ్డ హిందీ ఊళ్లో, మా భాలుబాసా సందుల్లో ఆడపిల్ల లావుగా ఉంటే దానికి వేరే పేరు అక్కర్లేదు, 'మోటీ' అంటే చాలు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి నాకు ఆ పిలుపే అలవాటైపోయింది (అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకునేదాన్ని). అలాంటి నేను బడిలో ఇనుపగుండు విసిరే పోటీకి పేరిచ్చాను. ఆటల టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "వజన్ హై, తాకత్ నహీ" అంది. బరువే తప్ప బలం లేదట. ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను.

"ఏటే ఆ ఏడుపు? బరువెలాగూ ఉంది. బలం నేర్చుకుంటే వత్తాది," అంటూ అమ్మ రుబ్బురోలు పొత్రం కడిగి నా చేతుల్లో పెట్టింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పెరట్లో ముగ్గుతో గీత గీసేది, నేను విసిరేదాన్ని. కార్ఖానా నుంచొచ్చిన నాన్న దోసెలేవని అడిగితే, "పొత్రానికి వేరే పనుంది," అని రొట్టెలు వడ్డించేది. నెల తిరక్కుండానే పొత్రం పిట్టగోడ దాటి పక్కింటి చాచీ నీళ్లకుండను పగలగొట్టింది. చాచీ పెంకులు పట్టుకుని, "హాయ్, మేరా ఘడా!" అని తన కుండ కోసం గోలపెడుతూ వచ్చింది. నేను తలుపు వెనక దాక్కున్నాను. అమ్మ మాత్రం, "చాచీ, కిధర్ గిరా? ఎక్కడ పడింది, చూపించండి!" అంటూ ఆవిడ పెరట్లోకి నడిచి, తడిసిన చోటి నుంచి మా గీత దాకా అడుగులో అడుగేసి కొలిచింది. "పద్దెనిమిది అడుగులొచ్చిందే!" అని కేకేశాక గానీ క్షమాపణ సంగతి గుర్తురాలేదు. సాయంత్రమే సాక్చి బజారు నుంచి కొత్త కుండ తెచ్చిచ్చింది.

పోటీనాడు విసిరింది మూడుసార్లు. మొదటి రెండుసార్లూ గీత తొక్కాను, అవి లెక్కకు రాలేదు. ఇక చాలని వెనక్కి తిరిగితే, తాడు అవతల నుంచి అమ్మ గొంతు: "ఎక్కడికే ఎల్తావు? ఇంకోపాలి ఉంది, ఇసురు!" మైదానమంతా అటు తిరిగింది. సిగ్గూ కోపమూ కలిపి విసిరాను. రెండో బహుమతి వచ్చింది.

రిక్షాలో మెచ్చుకుంటుందని చూశాను. "ఫస్టొచ్చిన పిల్ల గీత తొక్కకుండా ఎలా ఇసిరిందో అడిగేవేటి?" అంది. ఇల్లు చేరేదాకా నేను అమ్మతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం వెళ్లి అడిగాను. అలా అడుగుతూ, నేర్చుకుంటూ చివరికి నేనే ఆటల టీచర్నయ్యాను. ఇప్పుడు రెండు కిలోల కూరలు మోస్తే మూడుచోట్ల ఆగుతున్నాను. ఆగినప్పుడల్లా రిక్షాలో మూతి ముడుచుకున్న ఆ మోటీ గుర్తొచ్చి నవ్వొస్తుంది. అమ్మ ఇంకా పక్కనే ఉంది కదే, ఒక్క మాట మాట్లాడవే, అని దానితో అనాలనిపిస్తుంది.