ఉప్పు చేపల తొట్టిలో బోల్టు

కృష్ణపట్నం వైపు ఏ మరబోటు ఫ్యానుకు వల చుట్టుకున్నా ఫోను మోగేది కామాక్షయ్యకే. వీపుకి గాలి సిలిండరు తగిలించుకుని, నోట్లో రబ్బరు గొట్టం కరుచుకుని, కత్తి పట్టుకుని బోటు అడుక్కి దిగుతాడు. వల కోసేసి పైకొస్తాడు. చెప్పుకోవడానికి ఇంతే. ఆ బురద నీళ్లలో తన చెయ్యి తనకే కనపడదని, పనంతా తడుముకుంటూ చేయాలని ఎవరికీ చెప్పడు. భార్య కామమ్మకు అసలే చెప్పడు.

అతని సామానంతా సెకండ్ హ్యాండుదే. గాలి వచ్చే భాగాల జోలికి తాను పోడు, చెన్నై పంపి బాగుచేయిస్తాడు. మిగతాదంతా సొంత రిపేరే. సిలిండరు పట్టీని వీపు మీది పలకకు బిగించే బోల్టులు రెండూ అరిగిపోతే నెల్లూరు వెళ్లి కొత్తవి తెచ్చాడు. ఊరికే తెచ్చాడనుకునేరు! స్టీలు గిన్నెలు కొనేటప్పుడు కామమ్మ వెంట తీసుకెళ్లే అయస్కాంతం జేబులో వేసుకుని మరీ వెళ్లాడు. అది అంటుకోలేదు. అసలైన స్టీలే దొరికిందని పొంగిపోయాడు. గిన్నెకైనా బోల్టుకైనా మన ఇళ్లలో అదే పరీక్ష కదా.

పక్కింటి సుల్తాన్‌బీది ఎండుచేపల వ్యాపారం. రెండిళ్లకీ ఒకటే వసారా. ఆ కొసన ఆమె ఉప్పు చేపల తొట్టి, ఈ కొసన ఇతని రిపేర్లు. కొత్త బోల్టులు బిగిస్తుంటే అదనంగా తెచ్చిన ఒకటి ఎటో దొర్లిపోయింది. కాసేపు వెతికి, విసుగెత్తి వదిలేశాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం బోటు వాళ్లు వచ్చి తొందరపెడుతున్నారు. కామాక్షయ్య సామాను భుజాన వేసుకుని బయటికొచ్చాడో లేదో, సుల్తాన్‌బీ అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో చేప, ఇంకో చేతిలో ఆ పోయిన బోల్టు.

“ఏందబ్బయా ఇది? నా తొట్టి అడుగున యేసినావే! వంజరం ముక్కలకంతా తుప్పు పట్టింది. ఎవురు కొంటారు? నువ్వు తింటావా?”

“వచ్చినాక తిడుదువులే అక్కా, బోటోళ్లు కాసుకోని ఉండారు.”

“ఎట్టా పోతావో నేనూ చూస్తా. ముందు దీన్ని చూడు!”

చూశాడు. బోల్టు తల మెరుస్తూనే ఉంది. మర చుట్లను మాత్రం ఎర్రగా తుప్పు తినేసింది. దీని తోడువి రెండూ తన భుజాన ఉన్న సామానుకే ఉన్నాయి మరి!

అక్కడే కూలబడి స్పానరు పెట్టాడు. మొదటిది తంటాలు పెట్టి ఊడింది. రెండోదానికి కాస్త బలం పెట్టగానే టప్పున విరిగింది. వాషరు కింద, ఉప్పు నీళ్లు నిలిచే చోట, తుప్పు లోలోపలే తినేసింది. ఇదే పని బోటు అడుగున జరిగి ఉంటే సిలిండరు వీపు మీంచి జారి, నోట్లోని గాలి గొట్టాన్ని కూడా లాక్కుపోయేది.

సుల్తాన్‌బీ తిట్లు ఆగిపోయాయి. కామాక్షయ్య ఆమె కాళ్ల మీద పడబోయాడు.

“లెయ్యి, లెయ్యి! నా కాళ్లు పట్టుకుంటే చేపలు తెల్లబడతాయా?” అంది గానీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బోటు వాళ్లను పంపేసి, ఆ మరకల చేపలన్నీ తానే తీసుకున్నాడు. ముక్కలు కడిగి పులుసు పెట్టిన కామమ్మ మధ్యాహ్నం కంచం ముందు అడిగింది. “ఇంత ఎర్రగా ఉండే చేపను ఎందుకు తెచ్చినావు?”

“నా పానం కాపాడిన చేప ఇది,” అన్నాడు. ఆ తర్వాత బోల్టు సంగతి, బురద నీళ్ల సంగతి, ఇన్నేళ్లూ దాచిందంతా చెప్పేశాడు. కామమ్మ కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుని నేరుగా సుల్తాన్‌బీ దగ్గరికి వెళ్లి ఆమెను గట్టిగా వాటేసుకుంది.

అయస్కాంతం అంటని స్టీలంతా ఉప్పునీళ్లకు ఆగదని తెలిసొచ్చింది. ఈసారి ఓడల సామాను అమ్మే కొట్లో సముద్రానికి ఆగే రకం కావాలని అడిగి, తల మీద ఎ4 అని చెక్కిన బోల్టులు కొన్నాడు. నట్టూ వాషరూ కూడా అదే రకం. అయినా వెంటనే బిగించలేదు. తొట్టిలోని ఉప్పునీళ్లు ఒక జాడీలో పోయించుకుని, ఒక బోల్టును అందులో పడేశాడు. తుప్పు పడుతుందో లేదో తేలేదాకా నీళ్లలోకి దిగనన్నాడు. ఎన్ని ఫోన్లు వచ్చినా దిగలేదు.

మొదటి బోల్టు తొట్టిలో ఉన్నన్నాళ్లూ అయ్యాయి, ఇక చాలని సుల్తాన్‌బీ చెప్పిన రోజున జాడీలో చెయ్యి పెట్టింది కామమ్మే. బోల్టును తన తెల్ల తువ్వాలుతో గట్టిగా రుద్దింది. తువ్వాలును వెలుగుకు పట్టి, తిప్పి తిప్పి చూసింది. మరక లేదు. బోల్టును భర్త అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“పొయ్యి రా,” అంది.