అమ్మవారి బావి, వదిన సీసా

మా సైన్సు మాస్టారు నా నెత్తిమీద వేళ్ళతో తట్టి, "లోపల ఘనపదార్థమా, శూన్యమా?" అని అడిగేవారు. ఏ జవాబుకు దెబ్బలు తక్కువో తేల్చుకోలేక ఏడో తరగతి మధ్యలోనే బయటికి వచ్చేశాను. ఇప్పుడు మైపాడు పక్కనున్న మా పాలెం నుంచి నెల్లూరికి ఆటో తోలుతున్నాను. చేపల గంపలు, వాటిని అమ్మే అక్కలు నా బేరం. దారి పొడుగునా నవ్విస్తాను గనుక వాసన గురించి ఎవరూ ఏమీ అనరు. అందుకే ఊళ్ళో నలుగురు చేరితే మైకు నా చేతికే ఇస్తారు.

మా పాలెంలో అమ్మవారి బావి ఒకటుంది. సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఉన్నా దాని నీళ్ళు తియ్యగా ఉంటాయి. తల్లి చల్లని చూపు వల్లనే ఉప్పు తగల్లేదని ఊరి నమ్మకం. జాతరలో అంబలి ఆ నీళ్ళతోనే కలపాలి. రాగిపిండీ నూకా ముందురోజే ఉడికించి పులియబెడతారు. పొద్దున్నే అందులో పచ్చి బావినీళ్ళు పోసి పలచన చేసి, ఉల్లిపాయలు తరిగి వేసి, వచ్చినవాళ్ళందరికీ పోస్తారు.

నిరుడు వానలు జోరుగా పడి బావి చుట్టూ నీళ్ళు నిలబడిపోయాయి. మా ఊరి ఆశా వర్కరు ఆ బావినీళ్ళు పరీక్ష చేసింది. ఆమె నాకు వరసకు వదిన. ఆ వరస పట్టుకుని ఆమెను ఎంత ఆటపట్టించినా చెల్లుతుందనుకునేవాణ్ణి. మందు వేసిన చిన్న సీసాలో నీళ్ళు పట్టి, మూత బిగించి ఇంట్లో పెడితే, మర్నాటికి అవి నల్లబడ్డాయి. అంటే తాగడానికి పనికిరావని లెక్క. జాతర పనులు మాట్లాడుకోవడానికి ఊరంతా కూర్చున్న రోజు ఆ సీసా పట్టుకొచ్చింది.

"మరుగుదొడ్ల గుంటలు బావికి మరీ దగ్గరైపోయినాయి. ఇసక నేల గదా, ఆ మురికి ఇందులోకి దిగతా ఉండాది. బ్లీచింగ్ వేస్తాను. వద్దంటారా, ఈ ఏడాదికి ట్యాంకరు నీళ్ళతో కలపండి."

"తల్లి అంబలికి ట్యాంకరు నీళ్ళా? బ్లీచింగ్ కంపా?" అంది అంబలి పోసే అవ్వ. ఆ గొంతులో కోపం లేదు, భయముంది.

ఊరి పెద్ద సీసా అందుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "పోనీ అవ్వా, ఈ ఒక్కసారికి..." అని నసిగాడు.

మైకు నా చేతిలోనే ఉంది. నోరు ఊరుకోలేదు. "వదినా, ఆ నీళ్ళు నల్లబడేదానికి ఒక రోజు పట్టిందంట. నేను పుట్టడమే నల్లంగా పుట్టినాను. నా మీద గూడా బ్లీచింగ్ చల్లేస్తావా?"

ఊరంతా గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వేసి సీసా వెనక్కి ఇచ్చేశాడు. అంత నవ్వాక మళ్ళీ మొహం బిగించుకుని ట్యాంకరు మాట ఎత్తడం ఎవరివల్లా కాలేదు. వదిన సీసాను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అవ్వకైతే నమ్మకముంది. నాకు అదీ లేదు. మా ఇంట్లో తాగేది క్యాను నీళ్ళు. నవ్వు ఎటువైపు దొరుకుతుందో చూసుకుని అటువైపు నిలబడ్డాను, అంతే.

జాతర రోజు వదిన ఒక పక్కగా నిలబడి ఉంది. చూసీ చూడనట్టు వదిలేస్తే పోయేది. నేను మైకులో, "అదుగో, సీసా వదిన వచ్చిందయ్యో! తల్లి అంబలి తాగుద్దో, సీసాలో పట్టుకోని పోద్దో చూడండి!" అని అరిచాను. తలలన్నీ అటు తిరిగాయి. అవ్వ గ్లాసు నింపి, రెండు చేతులతో పట్టుకుని ఆమె దగ్గరికి నడిచింది. వదిన గ్లాసు వంక చూసింది, అవ్వ వంక చూసింది. గ్లాసు అందుకుని చివరిదాకా తాగేసింది. "సీసా ఓడిపోయింది!" అన్నాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత ఇంటింటా వాంతులు, విరేచనాలు. అవ్వ కూడా మంచం పట్టింది. ప్రాణాలు పోలేదు, అంతవరకు మేలు. వదిన ఉప్పూ చక్కెరా కలిపిన ఓఆర్ఎస్ పొట్లాలు పట్టుకుని గడప గడపకూ తిరిగి, ఒకరి వాకిట్లోనే కూలిపోయింది. గంపలు ఎక్కే నా ఆటోలో మనుషుల్ని పడుకోబెట్టి ఆసుపత్రికి చేరవేశాను. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న ఒకాయన, "ఏదన్నా జోకు చెప్పన్నా, నొప్పి మర్చిపోతాను" అన్నాడు. నేను అద్దంలో అతని వంక ఒకసారి చూసి, ఆటో వేగం పెంచాను.

వదిన కాస్త తేరుకుందని తెలిసి, కొబ్బరి నీళ్ళు తీసుకుని వెళ్ళాను. చేతికి సెలైను ఎక్కుతోంది. అటూ ఇటూ మంచాల మీద అందరూ మా ఊరివాళ్ళే. స్టూలు దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాను.

"తప్పయిపోయింది వదినా. నువ్వు చెప్పిందే నిజం. అయినా, తెలిసీ ఎందుకు తాగినావు?"

"తాగక? అవ్వ రెండు చేతుల్తో పట్టుకోనుండాది, ఊరంతా నన్నే చూస్తా ఉండారు. అవ్వ చేతి అంబలి నేను తోసేస్తే, రేపు నా చేతి పోలియో చుక్కలు వాళ్ళ బిడ్డలకి వేయించుకుంటారా?"

పక్క మంచం మీదాయన మేలుకున్నాడేమోనని ఒకసారి చూసి, ఇంకా దగ్గరికి వంగాను. "నన్ను క్షమించు వదినా."

ఆమె మొహం నా వైపు తిప్పింది.

"ఎగతాళి చేసేటప్పుడు మైకులో చేసినావే అబ్బయ్యా. ఇది మాత్రం చెవిలో చెప్తుండావేంది?"