డిక్కీలో నాపరాళ్లు

ఒక భయాన్ని ఇన్నేళ్లుగా మోస్తూ వస్తున్నాను. పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, మనవల్ని ఎత్తుకున్నాను. అది మాత్రం దిగలేదు. గేటు దగ్గర ఎవరైనా నిలబడి పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ ముందు తలుపు చాటుకి తప్పుకుంటాను, ఆ తర్వాతే ఎవరా అని చూస్తాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల నాటి మాట. మా మేనమామకి గురజాల దగ్గర నాపరాళ్ల క్వారీ ఉండేది. డిగ్రీ తప్పి నేను ఆయన పంచన చేరాను. పని అని పేరేగానీ తిరగడమే ఎక్కువ. ఆయనకో అంబాసిడర్ కారు ఉండేది. దాన్ని నడిపేది మా వీధి మనిషే, సైదులన్న. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ కారుని ఆయన తుడిచే తీరు చూసి, పెళ్లాన్నైనా ఇంత బాగా చూసుకుంటాడో లేదో అని మా అత్త ఎగతాళి చేసేది.

ఒకసారి గుంటూరులో సినిమా హాలు ముందు ఒక కారు చూశాను. లావు చక్రాలు, నేలకి ఆనుకున్నట్టు కిందికి దిగిన బాడీ. అంతే, పిచ్చి పట్టింది. ఇంటికొచ్చి మా కారు చూస్తే పంచె ఎగ్గట్టి బురదలో నిలబడ్డ మనిషిలా కనిపించింది. కొన్నాళ్లకి దాని చక్రం ఒకటి పగిలింది. అన్నీ పాతబడ్డాయి, మార్చేద్దాం, విజయవాడ వెళ్లి మంచివి చూసి పట్రా అన్నాడు మామ. కొట్లో నేను చూసింది మంచివి కాదు, వెడల్పువి. మా రోడ్లెలాంటివో, బండిలో ఎంతమంది ఎక్కుతారో కొట్టువాడు అడుగుతుంటే వినిపించుకోలేదు. వెడల్పు రిమ్ములు, లావు టైర్లు తెచ్చి బిగించాం. చక్రాలు మడ్‌గార్డు అంచుదాకా వచ్చి నిలబడ్డాయి. మామ చూసి, బాగున్నాయిరా, కొంచెం బలిసినట్టున్నాయి అని నవ్వాడు.

కానీ బండి ఇంకా ఎత్తుగానే ఉంది. దించాలంటే కమాను, అంటే వెనక చక్రాల పైన బరువు మోసే ఇనప పట్టీల కట్ట, విప్పి అందులోంచి పట్టీ తీసేయాలి. తీస్తే మామకి తెలుస్తుంది. తెలిస్తే తోలు వలుస్తాడు. అప్పుడు నాకో తెలివి పుట్టింది, మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా పుట్టని తెలివి. మాకు ఇంట్లో నేల నాపరాయి, చేను చుట్టూ దడి నాపరాయి, బట్టలుతికేది నాపరాయి, గొడ్లకి కుడితి పోసే తొట్టి నాపరాయి. అది మాకు బరువుగా కనిపించదు. క్వారీలో సరిగ్గా సరిపడే పలకలు ఏరి డిక్కీలో ఒకదాని మీద ఒకటి పరిచాను. పైన కొత్త రెక్సిన్ చాప వేశాను. బండి వెనక భాగం మెల్లగా కిందికి కూర్చుంది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆదివారాలు కారు నేను తీసుకునేవాణ్ణి. రాళ్లు పెట్టుకుని నరసరావుపేట వెళ్లి, కాలేజీ రోడ్డులో ఒకటికి రెండుసార్లు తిరిగి, ఇంటికొచ్చాక దించేసేవాణ్ణి. ఒక ఆదివారం స్నేహితులు వెనక సీట్లో ఎక్కారు. గుంట వచ్చినప్పుడల్లా గర్రుమని చప్పుడు. దిగి చూస్తే టైరు మడ్‌గార్డుకి గీసుకుని పక్కంతా అరిగిపోయి ఉంది. కాలిన రబ్బరు వాసన. చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది. నాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి నా దగ్గర దారి లేదు. రాళ్లూ మనుషులూ కలిస్తే ఆ టైరు నిలవదని ఆ రోజే నాకు తెలుసు.

మా వీధిలో కోటమ్మత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. ఆమె తమ్ముడి కొడుక్కి మాచర్ల సంబంధం కుదిరింది. లగ్గాలు పెట్టుకోవడానికి పెద్దవాళ్లు వెళుతుంటే మామ కారిచ్చాడు. మా వైపు కారిచ్చారంటే అందులో ఖాళీ ఉండకూడదు. వెనక కోటమ్మత్తతో కలిపి నలుగురు పెద్దవాళ్లు, ముందు ఇద్దరు, స్టీరింగు దగ్గర ఒదిగి కూర్చుని సైదులన్న. ముందు రోజు ఆదివారం పెట్టిన రాళ్లు నేను దించలేదు.

మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. పళ్లూ చీరెల మూటా సైదులన్న చేతిలోంచి లాక్కుని డిక్కీలో నేనే సర్దాను, ఆయన్ని ఆ పక్కకి రానివ్వలేదు. మరిచిపోయినవాడు అలా చేస్తాడా? మాచర్లలో పెళ్లికూతురి వాకిట్లో ఆ కారు ఆగితే, ఎవరిదా కారు అని పదిమందీ బయటికొచ్చి చూస్తారని నా ఆశ. వెనకాలే మోటారు సైకిలు మీద వెళుతూ దాన్ని చూసుకుని మురిసిపోవాలని. ఇంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నాలో నేను ఎంత వెతుక్కున్నానో, దొరకలేదు.

అందరూ ఎక్కాక సైదులన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక బాగా దిగినట్టుందే అన్నాడు. నిండా మనుషులున్నారు కదన్నా అన్నాను. సరేలెమ్మని ఎక్కాడు.

పెట్రోలు పోయించుకోవడానికి నేను దారిలో ఆగాను. మళ్లీ అందుకునేసరికి కారు రోడ్డు దిగి మిరపచేలో పక్కకి పడి ఉంది. వెనక టైరు పీలికలైంది. బస్సు ఆపి జనం ఒక్కొక్కరినీ బయటికి లాగుతున్నారు. కోటమ్మత్త నన్ను గుర్తుపట్టి చీరెల మూట జాగ్రత్త అని చెప్పింది. అందర్నీ లారీలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. సామానుకి కాపలా ఉండమని నన్ను అక్కడ వదిలారు.

పట్టపగలు. ఎండ. చేలో నేనూ ఆ కారూ. డిక్కీ తెరిస్తే రాళ్లు జారి ఒక మూలకి చేరి ఉన్నాయి. ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూస్తూ ఒక్కొక్కటీ లాగాను. చేను గట్టున నాపరాళ్ల దడి ఉంది. తీసుకెళ్లి అందులో కలిపేశాను. పల్నాడులో రాయి పక్కన రాయి ఉంటే ఎవరు చూస్తారు? చేతులు కోసుకుపోయాయి. మనుషుల్ని లాగుతుంటే గాజు గీసుకుంది కాబోలని, వచ్చిన పోలీసాయన నా చేతులు చూసి జాలిపడ్డాడు. నేను ఒక్కరిని కూడా లాగలేదు.

కోటమ్మత్త మర్నాడు పోయింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కారు చూశాడు. బ్రేకులు బాగానే ఉన్నాయి, కొత్త టైరు ఊరికే పేలదు, డ్రైవరు కునుకు తీసి రోడ్డు దింపితే రాయి తగిలి పేలి ఉంటుంది అన్నాడు. ముందు రాత్రంతా సైదులన్న మామ క్వారీ లారీ తోలుతూనే ఉన్నాడు, కాబట్టి అందరికీ అది నమ్మబుద్ధి అయింది. కాదు, ముందు టైరు పేలింది, తర్వాతే బండి రోడ్డు దిగింది అని ఆయన ఒక్కడే అంటున్నాడు.

నరసరావుపేట ఆసుపత్రిలో ఆయనకి కాలికి కట్టు కట్టారు. నేను క్యారియర్ తీసుకెళ్లాను. పక్కన ఎవరూ లేరు.

"అబ్బాయ్, డిక్కీలో ఏమన్నా బరువు పెట్టావా?"

"ఏం లేదన్నా. పళ్లు, చీరెల మూట."

"బండి వెనకమాల ఊగింది. నేను ఎంత పట్టినా ఆగలా. నిజంగా ఏం లేదా?"

"ఏం లేదన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఇంకొక్కసారి అడిగితే చెప్పేసేవాణ్ణేమో. అడగలేదు.

"నువ్వు నాతో అబద్ధమెందుకు చెప్తావులే," అన్నాడు. "అయితే కునుకే పట్టుంటది. నాకు తెలవకుండానే పట్టుంటది."

నేను క్యారియర్ గిన్నెలు విప్పి అన్నం కలిపి పెట్టాను. ఆయన తిన్నాడు.

గురజాల కోర్టులో ఆయన తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని వకీలు చెప్పినందుకు కాదు, నిజంగా నమ్మి ఒప్పుకున్నాడు. జైలుకెళ్లి వచ్చాడు. వచ్చిన రోజే కోటమ్మత్త కొడుకు దగ్గరికెళ్లి కాళ్ల మీద పడ్డాడు. ఎదురింటి అరుగు మీద కూర్చుని నేను చూశాను. లేచి వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. మామ మళ్లీ కారిస్తానంటే సైదులన్న వద్దన్నాడు. ఆ తర్వాత ఏ బండి స్టీరింగూ ముట్టుకోలేదు. మా క్వారీలోనే రాళ్లు మోశాడు.

మొదట్లో నా భయం పోలీసులంటే. తర్వాత మామంటే, కోటమ్మత్త కొడుకంటే. వాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. భయం మాత్రం అలాగే ఉంది. అంటే అది వాళ్లంటే కాదన్నమాట. సైదులన్న నా మొహంలోకి ఇంకోసారి అలా చూస్తాడేమోనని. మాచర్ల బస్సులో వెళ్లాల్సివస్తే నేను ఆ చేను లేని వైపే కూర్చుంటాను.

ఆయన బతికే ఉన్నాడు. ఈ మధ్య ఒక పెళ్లిలో నా పక్కనే కూర్చుని భోంచేశాడు. కార్లు నడిపే కుర్రాళ్లు నలుగురు ఎదురుగా ఉంటే, నిద్రొస్తే బండి పక్కకి ఆపండి నాయనా, నేను ఒక కునుకు కోసం మనిషి ప్రాణం తీశాను అని చెప్పాడు. ప్రతి పెళ్లిలోనూ చెబుతాడట. వాళ్లు తలలూపారు. నా విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది. కూర బాలేదా అబ్బాయ్ అని నన్నే అడిగాడు.

ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. రేపు వస్తుందని కూడా అనను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. కానీ ఆ మిరపచేను దగ్గర నుంచి ఇప్పటిదాకా నా నోట ఒక్కసారి కూడా రాని మాట ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

సైదులన్న ఆ రోజు నిద్రపోలేదు.