భీమవ్వ ఒడిల మూట

భీమవ్వ ఒడి ఎన్నడూ ఖాళీగ ఉండలేదు. మెచ్చుకోనీకి చెప్తున్న మాట కాదిది. ఆ ఒడిల బీడీల చాట ఉండేది. చాటల కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు ఉండ. నిజామాబాదుల కంఠేశ్వర్ కాడ రెండర్రల ఇల్లు, ఆ ఇంటి దర్వాజ పక్కన గోడకు ఒరిగి, పొద్దుందాక బీడీలు చుట్టుడే ఆమె బతుకు. మొగడు పరమేశ్వర్ భీవండిల మగ్గాల మీద పనికి పోయిండు. దసరకొకసారి వచ్చి, నాలుగు రోజులుండి, మళ్ల రైలెక్కేటోడు. ఒక ఏడు జరమొచ్చి అక్కడనే పోయిండు. ఇగ ఇల్లంత ఆ చాట మీదనే నడిచింది.

మరి ఒక్కగానొక్క బిడ్డ స్నేహలతకు ఒడి ఏడిది? పాకే వయసు రాంగనే పిల్ల దర్వాజ దాటి రోడ్డు మీదికి పోవుడు మొదలువెట్టింది. ఇంటి ముంగటికెళ్లే ఆటోలు, స్కూటర్లు. చాట దించి, తంబాకు చేతులు దులుపుకొని లేచేసరికి పిల్ల నడి రోడ్డు మీద ఉండేది. ఒకనాడు స్కూటరాయన బ్రేకు కొట్టి, భీమవ్వను నోటికొచ్చినట్టు తిట్టి పోయిండు. ఆనాడే ఆమె పాత చీర ఒకటి పేలికలుగ చింపి, ఒక కొస పిల్ల నడుముకు, ఇంకో కొస దర్వాజ గొళ్లేనికి కట్టింది. పిల్ల పాకి పాకి, పేలిక బిగిసినకాడ ఆగి ఏడ్చేది.

"మేకపిల్లను కట్టేసినట్టు కట్టేసింది, ఏం తల్లి గిది" అని వాడకట్టోళ్లు నవ్విండ్రు. నవ్వనీకైతే అందరొచ్చిండ్రు గని, ఒక్క పూట పిల్లను పట్టుకోనీకి ఒక్కరు రాలే. అదేం వాడకట్టో నాకైతే సమజ్ గాదు. ఆ మాట మాత్రం భీమవ్వ మనసుల ముల్లు లెక్క దిగి అట్లనే ఉండిపోయింది. బిడ్డ పెద్దగైంది, మిషిన్ కుట్టుడు నేర్చింది, బోధన్‌ల మొబైల్ దుకాణం నడిపే కృష్ణతోని లగ్గమైంది. ముల్లు మాత్రం పోలే. బిడ్డను కట్టేసి సాదిన, ఒడిల పెట్టుకొని సాదలే అని లోపల లోపల కుమిలేది.

గందుకే స్నేహలత కాన్పుకొచ్చి, ఆడపిల్ల పుట్టంగనే, భీమవ్వ చాటను అటుక మీదికెక్కించింది. పిల్లకు హర్షిణి అని పేరు పెట్టిండ్రు. భీమవ్వ మాత్రం తన తల్లి పేరుతోని ఈరవ్వ అనే పిలిచేది. మంచం మీద పిల్ల పండుకున్నది తక్కువ, అమ్మమ్మ ఒడిల పండుకున్నది ఎక్కువ. కాళ్లు తిమ్మిరెక్కినా లేచేది కాదు. "దించరాదే అవ్వా, అలవాటైతది" అని బిడ్డ అంటే, "కానియ్యి. అలవాటు గావాలనే పట్టుకున్న" అనేది.

అయిదో నెల నిండినంక బిడ్డను అత్తగారింటికి పంపే దినం వచ్చింది. పొద్దుగాల ముత్తైదువలొచ్చి స్నేహలతకు ఒడిబియ్యం పోసిండ్రు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ. అన్నీ కలిపి మూట గట్టిండ్రు. మూట ఇంచుమించు పిల్లంత బరువు తూగుతది. ఆ ఇంట్ల ఒక పట్టింపు ఉన్నది. పుట్టింటి గడప దాటిన ఒడిబియ్యం మూట అత్తింటి దేవునర్రలకు చేరిందాక ఎవరో ఒకరి ఒడిలనే ఉండాలె, కింద పెట్టద్దు. చంటిపిల్ల కూడా అంతే. భీమవ్వ లెక్క పక్కాగ ఉండె: మూట బిడ్డ ఒడిల, పిల్ల తన ఒడిల. బోధన్ దాక తానే పోయి దింపి రావాలె.

అయిదు గొట్టంగ కృష్ణ కారు తోలుకొచ్చిండు. ఎనుక సీటుకు ఇంకో చిన్న సీటు బిగించి ఉన్నది. దాని ముఖం కారు ఎనుక అద్దం దిక్కున్నది.

"గిదేంది అల్లుడా?"

"పిల్ల సీటు అత్తమ్మా. ఈ రెండు పట్టీలు భుజాల మీదికెళ్లి వస్తయి, ఇక్కడ లాక్ పడుతది."

"కట్టేస్తరా పిల్లను?" అన్నది భీమవ్వ. వెంటనే వేరే తప్పు పట్టుకున్నది. "ముఖమేంది ఎనుకకున్నది? తండ్రింటికి పోయే పిల్ల ఎనుకకు సూసుకుంట పోతదా?"

"మెడ ఇంకా లేతగున్నది గదా. బండి దేనికన్న గుద్దుకుంటే తల ముందుకు ఇసురుకపోకుండ ఈ సీటే ఈపు దిక్కుకెళ్లి పట్టుకుంటది."

"గుద్దుకుంటదని బయలెల్లక ముందే అంటరా? నోట్లెకెళ్లి గసుంటి మాట రానియ్యకు" అని భీమవ్వ పిల్లను ఇంకింత దగ్గరికి గుంజుకున్నది. "నా ఒడి ఉండంగ కుర్సీలెందుకు? నా చేతులల్లకెళ్లి పిల్లను గుంజుకునేటోడు ఇంకా పుట్టలే."

స్నేహలత తల్లి చేతులల్లకెళ్లి పిల్లను మెల్లగ తీసుకున్నది. భీమవ్వ చుట్టిన మందపాటి రగ్గు విప్పింది. "రగ్గు మీదికెళ్లి కడితే పట్టీ వదులుగుంటది అవ్వా, పిల్ల జారుతది. కట్టినంక మీద కప్పుదం" అన్నది. పట్టీలు బిగించి, వేళ్లతోని గిల్లి చూసి, వదులు లేదని రగ్గు మీద కప్పింది. పిల్ల ఏడుస్తదేమో, ఏడిస్తే ఎత్తుకుందామని భీమవ్వ ఆశతోని చూసింది. ఆ సచ్చినది నోట్ల వేలు వెట్టుకొని గమ్మున పండింది.

భీమవ్వకు చానా రోషమొచ్చింది. పిల్ల పక్కకు ఎనుక సీట్ల కూసుని, "ఆ మూటన్న నాకియ్యి, అదన్న నా ఒడిల ఉంటది" అని బిడ్డ చేతిలోంచి ఒడిబియ్యం గుంజుకున్నది. స్నేహలత ముందట కూసున్నది. కృష్ణ అడుగంగ అడుగంగ భీమవ్వ బెల్టు పెట్టుకున్నది, మూటను బెల్టు పైన రెండు చేతులతోని కావలించుకున్నది. మనుమరాలిని కూడా కట్టేసిండ్రు, నా కండ్ల ముంగటనే కట్టేసిండ్రు అనుకుంట, కండ్లల్ల నీళ్లు రాకుండ కిటికీ దిక్కు చూసింది.

ఎడపల్లి దాటేసరికి పొద్దు గూకింది. కోతల కాలం. రోడ్డుకు ఒక పక్క పొడుగూత వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చిండ్రు. పొద్దంత ఆరినయి సందకాడ కుప్ప జేసి నల్ల తాటిపత్రి పట్టలు కప్పుతరు. నల్ల రోడ్డు మీద నల్ల తాటిపత్రి, మసక చీకట్ల ఏం కనవడతది? ఎదురుంగ లైటు లేని బండి ఒకటి నడిమికొచ్చింది. దాన్ని తప్పియ్యబోయి కృష్ణ ఎడమకు కోసిండు. బ్రేకు తొక్కిండు గని కారు పోయి వడ్ల కుప్పకు గుద్దుకొని ఎక్కడిదక్కడ ఆగింది.

భీమవ్వ నడుముకు, రొమ్ముకు బెల్టు కోసినట్టు పట్టుకున్నది. ఒక్క క్షణం చెవుల్ల ఏం వినరాలే. తర్వాత పిల్ల కెవ్వుమన్నది. భీమవ్వ పక్కకు తిరిగి చూసింది. పిల్ల కట్టినకాడనే ఉన్నది. రగ్గు జారింది, అంతే. మొఖం ఎర్రగ జేసుకొని, నిద్ర చెడగొట్టిండ్రని తిడుతున్నట్టు ఏడుస్తున్నది.

అప్పుడు ఆమె తన ఒడి దిక్కు చూసుకున్నది. ఒడిల ఏం లేదు.

మూట ముందటి సీట్ల నడిమికెళ్లి ఎగిరిపోయి అద్దానికి తగిలింది. అద్దం సాలెగూడు లెక్క పగిలింది. మూట పిగిలి పసుపు బియ్యం కారంత పడ్డయి. కుడుకలు పలిగి కృష్ణ కాళ్లకాడ దొర్లుతున్నయి. భీమవ్వ రెండు చేతులు మూటను కావలించుకున్నట్టే ఇంకా గుండ్రంగ ఉన్నయి. ఆ చేతులు ఎప్పుడు వదిలినయో ఆమెకే ఎరుక లేదు.

కుప్ప కావలున్న రైతు లింబయ్య బ్యాటరీ లైటు పట్టుకొని ఉరికొచ్చిండు. "పిల్లకేమన్న అయిందా బిడ్డా? తప్పైంది, మాకు ఆరబోయనీకి జాగ లేదు" అన్నడు. పగిలిన అద్దం, దాని కింద బియ్యం చూసి, రాయి మీద కూలవడ్డడు. ఆయనను తిట్టబుద్ధి కాలే ఎవ్వలకు.

స్నేహలత ఎనుకకొచ్చి పిల్లను విప్పి, కాళ్లు చేతులు తడిమి, పాలిచ్చింది. కృష్ణ, "ముందుగాల దవాఖానల చూపిద్దాం. ఈ సీటు కూడా దెబ్బ తిన్నది, మార్చాలె" అనుకుంట బండి చుట్టు తిరుగుతున్నడు. భీమవ్వ బియ్యం దిక్కు చూసుకుంట కూసున్నది.

"ఒడిబియ్యం గదనే, పోతే పోయినయి. మనసుకు పెట్టుకోకు" అన్నది స్నేహలత.

"బియ్యం కాదు బిడ్డా." అన్నది భీమవ్వ. "గట్టిగ పట్టుకున్న. నీ తోడు, గట్టిగనే పట్టుకున్న. గా మూట జాగల..." అని అక్కడికే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

స్నేహలత తల్లి మోకాలి మీద చెయ్యేసింది. తర్వాత అన్నది: "ఆ చీర ఆకుపచ్చది గదా అవ్వా?"

"ఏ చీర?"

"నా నడుముకు కట్టింది. నాకు మూడేండ్లొచ్చిందాక కట్టినవు. నాకు యాదికున్నది."

భీమవ్వ ఇన్నేండ్లు ఏ మాటకు భయపడ్డదో ఆ మాట రోడ్డు మీద, పగిలిన కారుల, బిడ్డ నోట్లెకెళ్లి వచ్చింది. "కోపముంటది నీకు" అన్నది చిన్నగ.

"కోపమెందుకే? పేలిక బిగిసినకాడ ఏడ్చేదాన్ని. దాని అవుతలనే రోడ్డుండె. నేను రోడ్డు మీదికి పోలే గదా" అన్నది స్నేహలత. "దీన్ని కట్టుడు నేను నీ తాననే నేర్చుకున్న."

భీమవ్వ బిడ్డ మొఖం దిక్కు చూసింది. కొంగుతోని మొఖం తుడుచుకొని, చేతులు చాపి, "తే" అన్నది. స్నేహలత పిల్లను ఇచ్చింది. ఒడిల పెట్టుకుంటదేమో అనుకున్నరు ఇద్దరు. భీమవ్వ ఒక్క ముద్దు పెట్టుకొని, పిల్లను తీసుకపోయి సీట్లనే కూసోబెట్టింది. పట్టీ ఎట్ల పడుతదో తెల్వక బిడ్డను అడిగింది. చూపిస్తే, బీడీ దారం గుంజి అలవాటైన వేళ్లతోని గుంజింది. గిల్లి చూసింది. వదులుగ అనిపిస్తే ఇంకింత గుంజింది. పిల్ల మూతి తిప్పి ఏడుపందుకున్నది.

"ఏడువు ఈరవ్వా, ఏడువు" అన్నది భీమవ్వ, రగ్గు మీద కప్పుకుంట. "మీ అమ్మ కూడా గిట్లనే ఏడ్చింది."

కృష్ణ బండిని మెల్లగ ఎనుకకు తీసి, దవాఖాన దిక్కు మనిషి నడిచినట్టు తోలిండు. "అల్లుడా, మీ అమ్మకు నేనే చెప్త. ఒడిబియ్యం నా చేతులల్లకెళ్లే పోయినయి, మళ్ల పోస్త" అన్నది భీమవ్వ. తన బెల్టు సరిజేసుకున్నది. బోధన్ దాక ఆమె ఒడి ఖాళీగనే ఉన్నది.