కాడ మీదే పండిన తక్కాళి

మా లైన్లలో టమాటాను తక్కాళి అనేవాళ్లం. లైన్లంటే గని కూలీలకు వరసగా కట్టిన చిన్న చిన్న ఇళ్లు. చుట్టూ అందరూ తమిళం మాట్లాడేవాళ్లు కాబట్టి ఆ మాట మా తెలుగులోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. అమ్మ పుట్టిల్లు ముళబాగిలు పక్కన బైరకూరు. అక్కడ నేను తక్కాళి అంటే మా మామ నవ్వేవాడు. చదువుకుని, గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో పిల్లలకు సైన్సు చెప్పే పంతులమ్మనయ్యాక కూడా నేను ఆ మాట మార్చలేదు. ఇప్పటికీ ఎవరైనా దిద్దబోతే నాకు ఒళ్లు మండుతుంది.

నాన్న బంగారు గనిలో, భూమి లోపల పని చేశాడు. గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత చేరినవాడు. పొద్దుటి షిఫ్టయితే తెల్లవారకముందే కేజులో కిందికి దిగేవాడు. కేజు అంటే మనుషుల్నీ రాళ్లనీ మోసే ఇనుప బోను. రాత్రి షిఫ్టయితే పగలంతా కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేవాడు. ఎండ ఆయనకు ఆదివారం మాత్రమే దొరికే సరుకు.

ఉద్యోగం వయసు ఇంకా మిగిలి ఉండగానే రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇంటికి పంపించేశారు. వీధి కొళాయి దాకా నడిస్తే మధ్యలో ఆగి గోడ పట్టుకోవాలి. దగ్గుకీ ఆయాసానికీ అమ్మ మెల్లగా అలవాటు పడింది. ఆమెను భయపెట్టింది వేరొకటి. నాన్నకు తిండి సహించడం మానేసింది. సంగటి పెట్టినా, చారన్నం పెట్టినా, నోట్లో దుమ్ము పోసుకున్నట్టు ఉందనేవాడు. నాలుగు ముద్దలు తింటే ఇంకొంత కాలం ఉంటాడు, ఎట్లాగైనా తినిపించండి అని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, తేలికే.

ఒకరోజు కంచం పక్కకు జరిపి నాన్న అమ్మతో అన్నాడు. “పెండ్లయిన కొత్తలో మీ బైరకూరు చేన్లో ఒక తక్కాళి కోసుకుని తిన్నాను చూడు, అట్లాంటిది దొరికితే తింటాను. బెల్లం కలిపినట్టు ఉన్నింది.”

ఆయన ఏదైనా తింటాననడమే మహాభాగ్యం. ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి ఎర్రటి పళ్లు ఏరి తెచ్చాను. ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. “రంగు ఉండాది గానీ లోపల ఏమీ లేదమ్మీ,” అన్నాడు. అమ్మ బైరకూరుకు కబురు పెడితే మామ తట్టెడు పంపించాడు. అవీ అంతే, పులుపు నీళ్లు. మామను తప్పుపట్టడానికి లేదు. కాయ దోరగా రంగు తిరగగానే కోసి పెట్టెల్లో వేయాలి, లేకపోతే ముళబాగిలులో లారీ ఎక్కేసరికే రసమైపోతుంది. కాడ మీద ఎర్రగా పండినవి అమ్మకానికి పనికిరావు, అవి గొడ్లకు పోతాయి. నాన్న ఆనాడు తిన్నది అలా ఆవు నోటికి పోవలసిన పండన్నమాట.

అమ్మ ఊరుకోలేదు. పుట్టింటికి వెళ్లి, తడి గోనెలో నారు చుట్టుకుని బస్సులో తెచ్చింది. మా ఇంటి వెనక జానెడు దొడ్డిలో నాటింది. నాన్నకు ఒక ముక్కాలిపీట వేసి కాపలా కూర్చోబెట్టింది. మొక్కలు ఎదిగాయి, పూశాయి, పచ్చటి కాయలు గుత్తులుగా దిగాయి. కాయ పెరిగే కొద్దీ నాన్న ముఖంలోకి కాస్త ఆశ వచ్చింది. నాకు కూడా వచ్చిందని ఒప్పుకుంటాను.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి దొడ్డంతా తక్కాళి ఆకు వాసన. నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వేళ్లు పచ్చగా జిడ్డుగా ఉన్నాయి. కాళ్ల దగ్గర ఆకుల కుప్ప. మొక్కలు ఉత్త పుల్లల్లా నిలబడి ఉన్నాయి, వాటికి కాయలు మాత్రం వేలాడుతున్నాయి.

“ఏం చేసినావు నాయనా!”

“ఎండ తగలనిస్తా ఉండా అమ్మీ. ఆకులు అడ్డం పడి కాయలకు చీకటిగా ఉండాది. చీకట్లో ఉండేదానికి తీపి యాడినుంచి వస్తాది?”

నేను ముక్కు మీద కోపం ఉన్న మనిషిని. క్లాసులో ఎవరైనా అలా అంటే చెవి పట్టుకునేదాన్ని. కానీ రైతన్నవాడు ఎవడూ అలా ఆకు దూయడు. ఎండలో తిరిగేవాడికి ఎండ తీపి అని ఎందుకు అనిపిస్తుంది? బతుకంతా దీపం వెలుతురులో రాయి తొలిచిన మనిషికే ఆ ఆలోచన వస్తుంది. నాలుక దాకా వచ్చిన కసురు లోపలే ఉండిపోయింది.

ఆకు నీడ పోవడంతో కాయలకు ఎండ వైపు తెల్లటి మచ్చలు పడ్డాయి. మిగిలినవి ఎర్రబడ్డాయి గానీ రుచి లేదు. నాన్న ఒకటి తిని, ఊసేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నవ్వించాలని చూసింది. “కాయకు వడదెబ్బ కొట్టించినోడివి నువ్వొక్కడివేనయ్యా,” అంది. ఆయన నవ్వలేదు. ఆ పూట ఏమీ తినలేదు.

అమ్మ మళ్లీ బైరకూరు బస్సెక్కింది. రెండోసారి కాయలు దిగాక ఒక ఆదివారం నేను పీట పక్కన కూర్చున్నాను. దెబ్బలకు రాసే అయోడిన్ సీసా ఇంట్లో ఉండేది. పచ్చికాయ ఒకటి కోసి ముక్క మీద చుక్క వేశాను. అది నల్లగా తిరిగింది. బజారు పండు కోసి వేశాను. చుక్క వేసిన రంగులోనే ఉంది.

“నల్లబడిందంటే పచ్చికాయలో ఉండేది పిండి, నాయనా. రాగిపిండి మాదిరి. కాయ మాగే కొద్దీ ఆ పిండి చక్కెర అవుతాది, పులుపు తగ్గతాది. ఆ పిండి యాడిది? ఎండను పట్టుకుని చక్కెర చేసేది ఆకు. అది కాడలోంచి దిగి కాయలో చేరతాది. కాయకు ఎండ అక్కర్లేదు. దానికి కావాల్సింది ఆకు.”

అమ్మ గడపలో రాగులు చెరుగుతూ వింటోంది. “అంటే ఆకు షిఫ్టు చేస్తాది, కాడ కేజు మాదిరి దించుతాది, కాయ మేనేజరు బంగళాలో కూర్చుని తింటాది,” అంది.

నేను నవ్వాను. నాన్న తన చేతులు చూసుకున్నాడు.

“అయితే నేను పీకేసింది పనోళ్లనే గదా అమ్మీ.”

నేను అయోడిన్ సీసాకు మూత పెట్టాను. ఆయనే మళ్లీ అడిగాడు. “పిండి కాయలో ముందే ఉండాది గదా, రాయిలో బంగారం ఉన్నట్టు. కోసి పెట్టినా, రాయి దంచే మిల్లులో పడినట్టు తీపి బయటికి రావల్ల గదా?”

“కాయలో ఉన్నంత మటుకే వస్తాది. రాయిలోకి రోజూ కొత్త బంగారం వచ్చి చేరదు గదా నాయనా. కాయలోకి చేరతాది, కాడ మీద ఉన్నంత కాలం. కోసేస్తే రంగు తిరగతాది, అంతే.”

ఆయన కోసిన పచ్చిముక్కను వేలితో తిప్పి చూశాడు. “నిజమే. పైకి ఎత్తినాక రాయిలో ఇంగేం చేరతాది,” అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఆకులకు కాపలా కాశాడు. పక్కింటి మేక తల దూరిస్తే, కేక వేయడానికి ఊపిరి చాలక, చెప్పు విసిరేవాడు. నీళ్లు ఎక్కువైతే తీపి పలచనవుతుందని నేను అన్నానని అమ్మ చేతిలో చెంబు సగంలో లాక్కునేవాడు. ఆయన రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. పీట మీద కూర్చోలేక, మొక్కల పక్కనే చాప వేయించుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. మొదటి గుత్తిలో ఒక కాయ అడుగున లేతగా రంగు తిరిగింది. దాన్ని ఆయన ముట్టుకోలేదు, చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆయనకు ఊపిరి అందలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో తెచ్చాం. మోసుకెళ్తుంటే అమ్మ వెనక్కి పరిగెత్తి ఆ దోరకాయ మీద చెయ్యి వేసింది. అక్కడైనా తింటాడని. నాన్న చూశాడు. చెయ్యెత్తి వద్దన్నాడు.

“ఉండనీ. తీపి ఇంగా ఎక్కతా ఉండాది. పండినాక తెద్దువు.”

అమ్మ చెయ్యి తీసేసింది. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత ఊపిరి ఖర్చయిందో నాకు తెలుసు.

ఆసుపత్రిలో ఆయన రెండు రోజులే ఉన్నాడు. తర్వాతి పనులన్నీ అయ్యేదాకా దొడ్డివైపు మేం ఎవరం వెళ్లలేదు. పక్కింటామె నీళ్లు పోసిందట. చుట్టాలు వెళ్లిపోయాక, అమ్మ దొడ్లోకి వెళ్లి ఆ పండు తెచ్చింది. ముట్టుకోగానే చేతిలోకి వచ్చేసిందట. ముచ్చిక దాకా ఎర్రగా ఉంది. కడిగి, రెండుగా కోసి, సగం నాకు ఇచ్చింది.

తీపిగా ఉంది. ఆయన చెప్పిన బెల్లం తీపి. నాకు ఆ పండు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అమ్మ మెల్లగా నమిలి, “ఆయప్ప చెప్పినట్టే ఉండాది,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్లలకు ఆ పాఠం చెప్పినప్పుడల్లా, ఎండ ఉన్న ప్రతి రోజూ ఆకు పని చేస్తుంది అని నల్లబల్ల మీద రాస్తాను. నాన్న పోయిన రోజు కూడా ఎండ బాగా కాసింది. ఆ రోజు ఎక్కిన తీపి కూడా ఆ ముక్కలో ఉంది, దాన్ని నేను మింగాను.