పట్టు లేని గుజ్జు

రాష్ట్రం రెండైన ఏడాది నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక కాగితం మిల్లులో కెమిస్టుగా చేరాను. మాది ఒంగోలు వైపు. ఆమదాలవలసలో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని, రోజూ మిల్లు బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ల్యాబులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు మర్యాదగానే ఉండేవారు. నేను లోపలికి రాగానే వాళ్ళ మాటలు ఆగిపోయేవి, అంతే. ఆదివారం బట్టలుతుక్కుని, వంట చేసుకుని, సాయంత్రం గుర్తు చేసుకుంటే ఆ రోజంతా నేను మాట్లాడింది పాలావిడతో అన్న రెండు ముక్కలే అయ్యేది.

నాకు అప్పగించిన పని ఎంజైములది. సరుగుడు, జామాయిలు కర్రను ఉడికించి తీసిన గుజ్జులో పీచు బిరుసుగా ఉంటుంది. పళ్ళున్న రెండు ఇనుప పలకల మధ్య దాన్ని నలిపితేగాని మంచి కాగితం రాదు. ఆ నలిపే యంత్రాన్ని రిఫైనర్ అంటారు. కరెంటు విపరీతంగా తింటుంది. నలపడానికి ముందు గుజ్జులో కాస్త ఎంజైము కలిపి, వెచ్చగా ఓ గంట ఉంచితే పీచు పైపొర వదులవుతుంది, యంత్రానికి శ్రమ తగ్గుతుంది. ల్యాబులో బకెట్ల మీద చేసినప్పుడు బాగానే కుదిరింది. ఇక పెద్ద తొట్టిలో చేసి చూడాలి.

అలా రిఫైనర్ల దగ్గర పనిచేసే ఆపరేటర్ పరిచయమయ్యాడు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పడవ మానేసి మిల్లులో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. యంత్రాల హోరుకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. అరిచి మాట్లాడే ఓపిక లేక ఎవరూ ఆయన దగ్గర నిలబడేవారు కాదు. నేను నిలబడేదాన్ని. బాబాయి అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం ఆయన తన క్యారేజీలోంచి ఎండుచేపల కూర తీసి నా గిన్నె మూతలో పెట్టేవాడు. తింటావా అని అడిగేవాడు కాదు.

తడి గుజ్జును పిడికిట్లో పిండి, వేళ్ళు విప్పి, అది విడిపోయే తీరు చూసి నలగడం సరిపోయిందో లేదో చెప్పేవాడు. వల దారాన్ని చేత్తో పట్టి చూసిన అలవాటు అన్నాడు. నేను తెచ్చిన గోధుమరంగు ద్రవాన్ని వాసన చూసి, ఏం చేస్తుందని అడిగాడు. పీచును కొద్దికొద్దిగా కొరుకుతుందని చెప్పాను.

"మరి సాలని దానికెవులు సెప్తారమ్మా?" అన్నాడు.

ఆవిరి పెట్టి బాగా వేడెక్కిస్తే చచ్చిపోతుందని చెప్పాను. తలూపాడు.

మొదటి రెండుసార్లూ అనుకున్నట్టే జరిగింది. రిఫైనర్ మీటరు ముల్లు దిగి నిలబడింది, కాగితం బాగా వచ్చింది. మేనేజరు మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు.

మూడోసారి, పొద్దున ఎంజైము కలిపిన కాసేపటికి కాగితం యంత్రం మరమ్మతుకు ఆగింది. గుజ్జు తొట్టిలోనే ఉండిపోయింది. వెంటనే ఆవిరి పెట్టించాల్సింది నేను. ఇదిగో యంత్రం నడుస్తుంది, అదిగో నడుస్తుంది అంటుంటే ఊరుకున్నాను. మధ్యాహ్నం దాటాక గుజ్జు పంపమని కబురొచ్చింది. పరీక్ష చేశాను. నీరు దిగే వేగం సరిగ్గానే ఉంది. అంతకన్నా లోతుగా చూడ్డానికి తీరిక లేదనుకున్నాను.

బాబాయి పిడికెడు తీసి పిండి నాకు చూపించాడు.

"పట్టు నేదమ్మా. మిసను మీదికి ఒగ్గకు."

పరీక్షలో బాగానే వచ్చిందని ఆయన మంచి చెవి దగ్గర అరిచాను. వాల్వు తిప్పాడు.

ఆ సాయంత్రమంతా కాగితం తెగుతూనే ఉంది. అతికిస్తే మళ్ళీ తెగింది. పనివాళ్ళు తడి కాగితాన్ని చేతుల్తో లాగి కుప్పలు పోశారు. మర్నాడు మేనేజరు ఇద్దర్నీ పిలిచి, ఆ గుజ్జు ఎవరు వదలమన్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బాబాయి అన్నాడు:

"తప్పు నాది సార్. ఆయమ్మ ఆపమన్నాది. నాకినబడనేదు."

నేను నేలచూపులు చూశాను. ఆ గదిలో నేను చేసింది అంతే.

చెవి వినపడని మనిషి యంత్రాల దగ్గర ఉండడం ప్రమాదమని ఆ వారంలోనే ఆయన్ని కర్రల యార్డుకు మార్చారు. నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. అయిదో రోజు మేనేజరు దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆ చెవులతో అతనెలాగూ అక్కడ ఉండకూడదు, ఇప్పుడు అదంతా కదపొద్దు అన్నాడు.

యార్డు మిల్లుకు అవతలి చివర. వెళ్ళేసరికి లారీలోంచి సరుగుడు దుంగలు దింపుతున్నారు. మేనేజరుకు నిజం చెప్పేశానని చెప్పాను. "ఏటి?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. మూడోసారి, తప్పు నాదేనని చెప్పానని గొంతు చించుకుని అరిచాను. దుంగలు దింపేవాళ్ళు ఆగి నావైపు చూశారు.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నీకోసమే అబద్దమాడినాను," అన్నాడు. "గానీ నువ్వు కాదంటావనుకున్నానమ్మా."

కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగి, లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆవిరి పెట్టించే పని ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఎంజైము మిల్లులో స్థిరపడింది. రెండు రిఫైనర్లలో ఒకటి ఆపేశారు. నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. కొత్త ఆపరేటర్ మీటరు చూసి రాసుకునేవాడు, గుజ్జు ముట్టుకునేవాడు కాదు. నేను ల్యాబులో నా బల్ల దగ్గరే తినడం మొదలుపెట్టాను. గేటు దగ్గర ఎదురైతే బాబాయి చెయ్యెత్తేవాడు, నేనూ ఎత్తేదాన్ని.

ఏడాది తిరిగాక ఆయన రిటైరయ్యాడు. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత, బస్సులో ఎవరో అనుకుంటుంటే తెలిసింది. ఒక ఆదివారం ఆయన ఊరు వెళ్దామని పళ్ళు కొనుక్కుని శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుకు వచ్చాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు. కండక్టరు ఎక్కుతారా అని అడిగాడు. లేదన్నాను. పళ్ళు అద్దెగది కిందింటి వాళ్ళకిచ్చి పైకి వెళ్ళాను.

తర్వాతి నెలలో నాకు విశాఖపట్నంలో, ఇదే ఎంజైముతో పీచును ఇంకా సన్నం చేసి, ప్లాస్టిక్కుకు బదులు వాడే పలచటి పొరలు తయారుచేసే చోట ఉద్యోగం వచ్చింది. సామాను రెండు పెట్టెలయింది.