అలిగిన ముక్క

చేసింది తప్పో కాదో తేలని మనిషి ఎవరి దగ్గరికి వెళ్లి క్షమించమనాలి? కొలతలాయన గుర్తొచ్చినప్పుడల్లా లేచే ప్రశ్న ఇది. జవాబు ఇప్పటికీ లేదు.

ఉక్కుతాళ్ల ఫ్యాక్టరీలో పరీక్షగది ఆయనది. ముప్పై ఒక్క ఏళ్లు అందులోనే గడిచాయి. ప్రతి తాడుచుట్ట నుంచి ఆరు ముక్కలు కోయాలి. ఒక్కోదాని కొసలు యంత్రం దవడల్లో బిగించి, తెగేదాకా లాగి, ఎన్ని టన్నులకు తెగిందో రాయాలి. ఐదు ముక్కలు పది టన్నులు దాటి, ఒకటి మాత్రం ఏడుకే తెగితే దాన్ని ‘అలిగిన ముక్క’ అనేవారు. దవడ నలిపేస్తే మంచి తాడైనా ముందే తెగుతుంది కదా. అందుకని అలిగినదాన్ని డబ్బాలో పడేసి, ఇంకో ముక్క లాగేవారు. ఆయనకు పెద్దమేస్త్రీ నేర్పిందదే, ఆయన తన కిందివాళ్లకు నేర్పిందీ అదే.

యాభై ఆరో ఏట కంపెనీ ఆయన్ని గణాంకశాస్త్రం క్లాసులో కూర్చోబెట్టింది. “ఈ వయసులో నా చేత పలక పట్టించారు” అని మొదట గొణిగాడు గానీ, రెండో వారానికల్లా అందరికంటే ముందొచ్చి మొదటి బెంచీ పట్టేవాడు. సగటు ఒక్కటే చాలదు, విలువలు దాని చుట్టూ ఎంత చెదిరాయో చూడాలి అని వింటుంటే, ఇన్నేళ్లూ చేత్తో తడుముతున్నదానికి పేరు దొరికినట్టనిపించింది.

ఒకరోజు పాఠం చెప్పే అమ్మాయి పాత లెక్కలు తెమ్మంది. ఆయన పుస్తకం చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

“ఏంటి బాబాయ్ గారూ, అంకెలన్నీ మరీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయి?”

“మా పెద్దాయన ముందు తాళ్లు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాయండి,” అన్నాడు వెనకనుంచి కటింగు పనివాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

“పక్కన ఈ ‘అ’ ఏంటి?”

“అలిగిందమ్మా. తీసేసి ఇంకోటి లాగాం.”

“దవడ దగ్గర తెగితే తీసెయ్యొచ్చు. నడిమికి తెగితే అది తాడులో ఉన్న బలహీనతే, లెక్కలో ఉండాల్సిందే. ఎక్కడ తెగిందో చూశారా?”

“చూసేవాళ్లం కాదు.”

ఆ సాయంత్రం ఆయన బీరువాలోంచి ఎనిమిదేళ్ల కిందటి పుస్తకం తీశాడు. కట్టుబడి చోట ఇటుకలు పైకి లాగుతుంటే తాడు తెగి, అవి మీద పడి చెల్లెలి మొగుడు పోయిన ఏడాది అది. తాడు ఈ ఫ్యాక్టరీదే. చుట్ట నంబరు ఆయనకు కంఠతా వచ్చు. ఆ పేజీలో ఆరు చక్కని అంకెలున్నాయి. పక్కన తన చేతిరాతతోనే ఒక ‘అ’.

మర్నాడు ఎవరి సంగతో చెప్పకుండా పేజీ చూపించాడు.

“ఈ చుట్ట మంచిదా చెడ్డదా, చెప్పు తల్లీ.”

“ఎక్కడ తెగిందో రాసుంటే ఏమైనా చెప్పేదాన్ని.”

“నూటికి ఇంత అనైనా చెప్పు.”

“దేన్ని పట్టుకుని చెప్పను బాబాయ్ గారూ? ఊహించి చెబితే అది లెక్క కాదు.”

ఆదివారం పుస్తకం చంకన పెట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్లాడు. మేడ మీద ఒకే గది, కిటికీ పక్కన కుట్టుమిషను.

“ఏంటన్నయ్యా, దారి తప్పొచ్చావా?” అంటూ కుర్చీ మీది బట్టల కుప్ప దించింది.

“మీ ఆయన సంగతి...” అని ఆగాడు.

“ఇప్పుడెందుకులే. ఆ రోజు నువ్వన్నావు చూడు, ‘తాడు నేనే పరీక్ష చేశానమ్మా, దాన్లో లోపం లేదు, మన టైం బాలేదు’ అని. ఎవరినీ తిట్టుకోకుండా ఆ మాట పట్టుకునే బతికాను.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “కూర్చో, టీ పెడతాను. పంచదార తక్కువేలే, గుర్తుంది.”

లోపల స్టవ్ వెలిగిన చప్పుడైంది. ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ దాకా వచ్చాడు. మళ్లీ మూసేశాడు. గిన్నెలో నీళ్లు పోస్తూ ఆవిడ పక్కింటావిడ మనవడి గురించి ఏదో చెబుతూనే ఉంది. ఆయన లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.